బ్రిటిష్ రైలు ఇంజనుల రంగులు

ఆవిరి ఇంజను అనగానే మనకు నల్లని ఆకారమే తలపునకు వస్తుంది. బొగ్గు తిని పొగ కక్కే యంత్రం నల్లగా గాక మరెట్లుంటుంది అనుకుంటాము. కాని రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బ్రిటన్‌లో ప్రయాణికుల బండ్లను లాగిన ఇంజనులు ఎరుపు, పచ్చ, నీలం, వెండి వన్నెలతో మెరిసేవి. మసిలో తిరిగే యంత్రానికి ఇంత సింగారమెందుకు?

1921లో చేసిన రైల్వే చట్టం ననుసరించి, 1923 జనవరి 1 నుండి సుమారు 120 రైలు కంపెనీలు నాలుగు పెద్ద కంపెనీలుగా కలిసిపోయినవి. పాత కంపెనీల రంగులు పోయి, నాలుగింటికీ నాలుగు గుర్తులు కావలసివచ్చినవి. గ్రేట్ వెస్టర్న్ కంపెనీ తన పాత ముదురాకుపచ్చనే నిలుపుకొని, పొగగొట్టానికి రాగి అంచు తొడిగింది. లండన్ మిడ్‌లండ్ అండ్ స్కాటిష్ కంపెనీ తనలో కలిసిన మిడ్‌లండ్ రైల్వేవారి ముదురెరుపును స్వీకరించింది. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ కంపెనీ ఆపిలు కాయను పోలిన లేతపచ్చను ఎన్నుకొన్నది. సదరన్ కంపెనీ ఆలివు పచ్చను వాడింది. సామానుబండ్ల ఇంజనులకు చాలావరకు నలుపే గతి. అది చవక, మసి కనబడదు.

ఈ రంగుల వెనుక రసాయనశాస్త్రమున్నది. బ్రన్స్‌విక్ పచ్చ అని పేరొందిన వర్ణకం ఒకే పదార్థం కాదు. ప్రష్యన్ నీలాన్ని, లెడ్ క్రోమేటు అనే పసుపు పదార్థాన్ని కలిపితే అది వచ్చేది. క్షారాలు తగిలితే ఇందులోని నీలం చెడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు వాయువు తగిలితే పసుపు నల్లబడుతుంది, ఎందుకంటే నల్లని లెడ్ సల్ఫైడు ఏర్పడుతుంది. ఇక లేక్ అనే జాతి ఎరుపులలో, అద్దకపు రంగును అల్యూమినా వంటి తెల్లని పొడిపై పట్టిస్తారు. అట్టి రంగులో కాంతి కొంత లోనికి పోతుంది కనుక అడుగుపూత కూడా కంటికి తెలుస్తుంది. అందుచేత అడుగుపూత మారితే పైరంగు తీరు మారుతుంది. పూత మీద పూత వేసి, నున్నగా రుద్ది, సన్నని గీతలు దిద్ది, చివరకు వార్నిషు పట్టించేవారు.

ఈ అందానికి ఖర్చు, శ్రమ రెండూ అవసరమే. షెడ్డులలో ఇంజనులు తుడిచే కుర్రవాళ్ళు నూనె గుడ్డలతో వాటిని మెరిపించేవారు. ఆ పనితో మొదలిడి ఫైర్‌మన్లు, తరువాత డ్రైవర్లు అయ్యేవారు. 1928లో లండన్ మిడ్‌లండ్ కంపెనీ పొదుపు కోసం ఎరుపును ఎక్స్‌ప్రెస్ ఇంజనులకే పరిమితం చేసి, తక్కినవాటికి నలుపు వేయించింది.

తరువాత వేగపు పోటీ వచ్చింది. 1935లో ఐదవ జార్జి పాలనకు 25 ఏండ్లు నిండిన సందర్భంలో నార్త్ ఈస్టర్న్ కంపెనీ సిల్వర్ జూబిలీ బండిని ప్రారంభించి, దానికోసం వెండి బూడిద వన్నె గల ఇంజనులను కట్టించింది. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకం నాటి కారొనేషన్ బండికి నీలపు ఇంజనులు వచ్చినవి. వాటిలో ఒకదాని పేరు ఎంపైర్ ఆఫ్ ఇండియా. అదే నీలం ధరించిన మాలర్డ్ 1938 జులై 3న గంటకు 126 మైళ్ళ వేగమందుకొన్నది. అది నేడు యార్క్ నగరపు జాతీయ రైల్వే మ్యూజియంలో ఉన్నది.

1939లో యుద్ధం రాగానే మనుషులు, సరుకులు కరవైనవి. క్రమంగా చాలా ఇంజనులకు నలుపు పులిమివేశారు. 1948 జనవరి 1న ప్రభుత్వం రైళ్ళను స్వాధీనం చేసుకొన్నది. నాలుగు కంపెనీలూ అంతరించినవి.

ఆనాటి ఛాయాచిత్రాలు చాలావరకు నలుపు తెలుపులే. పైగా ఆర్థోక్రొమాటిక్ పలకలు ఎరుపు కాంతిని గ్రహించవు. వాటిపై ఎర్రని ఇంజను నల్లగాను, నీలపు ఇంజను తెల్లబారినట్లును కనబడుతుంది. కొత్త ఇంజనులకు ఫొటో కోసమే బూడిదరంగు పూసి, తరువాత అసలు రంగు వేయడం కూడా ఉండేది. కాబట్టి బొమ్మను మాత్రమే నమ్మినవాడు ఎర్రదాన్ని నల్లదంటాడు. రంగు నమూనాలను, కంపెనీ ఆజ్ఞలను, పాత రేకులపై మిగిలిన పూతలను సరిపోల్చినప్పుడే నిజం తేలుతుంది. చరిత్రలో సాక్షి చెప్పినది వినడంతో సరిపోదు. ఆ సాక్షి కంటికి ఏది కనబడుతుందో, ఏది కనబడదో కూడా తెలుసుకోవాలి.