67.26: ఒక ఉత్తీర్ణత శాతాన్ని ఎలా చదవాలి?

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు అందరి చూపూ ఒక్క అంకె మీదే పడింది: 67.26 శాతం. పరీక్ష రాసినవాళ్లు 6,15,908 మంది, పాసైనవాళ్లు 4,14,281 మంది. అంతకుముందు చివరిసారి పరీక్ష జరిగిన 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. 2020, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు, అందరినీ పాస్ చేశారు. అంటే రెండు వరుస పరీక్షల మధ్య ఉత్తీర్ణత 27 పాయింట్లకు పైగా పడిపోయింది. రెండు లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు.

ఆ పతనానికి మూడు వివరణలు వినిపించాయి. సర్కారు బడి చదువు దిగజారిందన్నది ఒకటి. కోవిడ్ దెబ్బ అన్నది రెండోది. పాత 94 శాతమే వాపు, ఇప్పుడు అసలు బలం తెలిసింది అన్నది మూడోది. అందుబాటులో ఉన్న ఆధారాలు ఈ మూడింటికీ ఎంతవరకు మద్దతిస్తాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా ఒక మాట: ఉత్తీర్ణత శాతం ఒక్కదానితో ఏ ఉన్నత పాఠశాలకూ తీర్పు చెప్పలేం. తీర్పు చెప్పడానికి కావాల్సిన సమాచారంలో చాలా భాగం మాత్రం పరీక్షల విభాగం దగ్గర ఇప్పటికే ఉంది.

ఒకేసారి మారిన రెండు సంగతులు

2022 బ్యాచ్‌కు పరీక్షా మారింది, చదువూ దెబ్బతింది. 2019లోనే ప్రభుత్వం 20 ఇంటర్నల్ మార్కులను, విడిగా ఇచ్చే బిట్ పేపరును రద్దు చేసింది. ఇంటర్నల్ మార్కులు ఇష్టం వచ్చినట్టు పడుతున్నాయని, బిట్ పేపరు కాపీయింగ్‌కు దారి ఇస్తోందని అప్పుడు చెప్పిన కారణాలు. రెండేళ్లు పరీక్షలు లేకపోవడంతో ఆ మార్పు నిజంగా తగిలింది 2022 పిల్లలకే. పేపర్లు కూడా 11 నుంచి 7కు తగ్గాయి.

ఆ పిల్లల చదువు ఎలా సాగిందో చూడండి. 2020 మార్చిలో బళ్లు మూసేనాటికి వాళ్లు ఎనిమిదో తరగతి. తొమ్మిదో తరగతి సగం ఇంట్లో, సగం బెంచీ వదిలి బెంచీ కూర్చున్న గదిలో గడిచింది. రెండో వేవ్‌తో బళ్లు మళ్లీ మూతపడి 2021 ఆగస్టు 16న తెరుచుకున్నాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు వాళ్ల చేతిలో ఉన్న సమయం ఎనిమిది నెలల పైచిలుకు.

ఈ రెండు కారణాల్ని విడదీయడానికి పక్క రాష్ట్రం కొంత సాయపడుతుంది. అదే 2022లో తెలంగాణ పదో తరగతి ఉత్తీర్ణత 90 శాతం. కోవిడ్ అక్కడా ఉంది, బళ్లు అక్కడా మూతపడ్డాయి. కానీ అక్కడ 20 ఇంటర్నల్ మార్కులు కొనసాగాయి, 70 శాతం సిలబస్‌తో 6 పేపర్లు పెట్టారు. చదువు తెలంగాణలో నిలబడి, ఆంధ్రలో మాత్రమే కుంగిందా? గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ 2022 సర్వే అలా చెప్పడం లేదు. గ్రామీణ ప్రాంతాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో ఆంధ్రలో 22.6 శాతం ఉంటే 2022కు 10.3 అయ్యారు. తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయారు. చిన్న పిల్లల చదవడం రెండు చోట్లా ఇంచుమించు ఒకే మేర తగ్గితే, పబ్లిక్ పరీక్ష ఫలితాలు ఇంత దూరం జరగడానికి పరీక్ష తీరులోని తేడా ఒక కారణమై ఉండవచ్చు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. అసర్ చెప్పిన ఈ లెక్క మూడో తరగతిది. పరీక్ష రాసినవాళ్లు పదిహేనేళ్ల పిల్లలు. గ్రామీణ భారతం మొత్తం మీద ఎనిమిదో తరగతిలో అదే పాఠం చదవగలిగినవాళ్లు 73 నుంచి 69.6 శాతానికి తగ్గారు; పెద్ద తరగతుల్లో దెబ్బ కొంత చిన్నదిగా కనిపిస్తోంది. కాబట్టి పై పోలిక ఒక సూచన, రుజువు కాదు.

తర్వాతి సంవత్సరాలు ఇంకో సంగతి చెబుతాయి. 2024 వరకు ఆంధ్రలో ఇంటర్నల్ మార్కులు తిరిగి రాలేదు. అయినా ఉత్తీర్ణత 2023లో 72.26, 2024లో 86.69 శాతానికి లేచింది. పరీక్ష తీరు ఒక్కటే కారణమైతే ఈ కోలుకోవడం ఉండకూడదు. 2024 బ్యాచ్ పిల్లలు కోవిడ్ నాటికి ఆరో తరగతిలో ఉన్నారు. పరీక్షకు ముందు వాళ్లకు రెండున్నరేళ్లకు పైగా నిలకడైన చదువు దొరికింది. బడి తెరిచి ఉన్న కాలానికీ ఫలితానికీ సంబంధం ఉందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారమే, కానీ 2022లో తప్పిన అనుభవంతో బళ్లు పరీక్షకు మరింత గట్టిగా తర్ఫీదు ఇవ్వడం కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. 2025లో మళ్లీ 81.14కు తగ్గింది, ఆ ఏడాదే పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి.

మొత్తంగా తేలేది ఇది: కోవిడ్ నష్టం, పరీక్ష తీరు రెండూ పని చేశాయి. ఏది ఎంత అన్నది ఉత్తీర్ణత శాతాల నుంచి రాబట్టలేం. 2019కీ 2022కీ మధ్య సర్కారు బడి పాఠం చెప్పే తీరే కూలిపోయిందన్న వాదనకు మాత్రం ఈ అంకెల్లో ఆధారం లేదు.

నలభై మంది ఉన్న బడి

ఇప్పుడు ఒక్క బడి దగ్గరికి వద్దాం. ఓ మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి పిల్లలు 40 మంది అనుకుందాం. ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 2.5 పాయింట్లు తగ్గుతుంది. ఆ బడి పిల్లల్లో ఒక్కొక్కరికి పాసయ్యే అవకాశం 80 శాతం అనుకుని లెక్క వేస్తే, టీచర్లూ పాఠాలూ ఏమీ మారకపోయినా ఏటికేడు ఫలితం దాదాపు 68 నుంచి 92 శాతం మధ్య ఎక్కడైనా పడవచ్చు. జ్వరంతో లెక్కల పరీక్ష రాసిన అమ్మాయి, మిరప కోతలకు వెళ్లి నెల రోజులు బడికి రాని అబ్బాయి, ఊహించని చోటు నుంచి వచ్చిన ఎనిమిది మార్కుల ప్రశ్న: ఆ బడి అంకెను తిప్పేయడానికి ఇవి చాలు.

అమెరికా బడులను అధ్యయనం చేసిన థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో ఈ సంగతినే చూపించారు. చిన్న బళ్లు జాబితాలో పైనా ఎక్కువగా కనిపిస్తాయి, అడుగునా ఎక్కువగా కనిపిస్తాయి. ఏటికేడు వచ్చే మార్పులో పెద్ద భాగం యాదృచ్ఛికం. 2022లో ఆంధ్రలో 797 బళ్లు నూరు శాతం సాధించాయి, 71 బళ్లలో ఒక్కరూ పాసవలేదు. ఆ రెండు జాబితాలనూ చూసేటప్పుడు ఒక్కో బడిలో పరీక్ష రాసినవాళ్లెందరో పక్కన లేకపోతే పొగడ్తా నిందా రెండూ గాలిలో లెక్కలే. అయినా తక్కువ శాతం వచ్చిన బడి హెడ్‌మాస్టరుకు మెమో వెళ్తుంది, సంజాయిషీ అడుగుతారు. ఒక్క ఏడాది అంకె ఆధారంగా ఆ పని చేయడం అన్యాయం.

ఎవరు చేరారన్నది పెద్ద ప్రశ్న

ప్రతి ఏడూ ఫలితాల రోజున యాజమాన్యాల వారీ పట్టిక వస్తుంది. గురుకులాలు పైన ఉంటాయి, మామూలు సర్కారు బళ్లు దిగువన ఉంటాయి. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. కానీ జనరల్ గురుకులాలు సాధారణంగా ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటాయి, హాస్టల్‌లో ఉంచి చదివిస్తాయి. జిల్లా పరిషత్ హైస్కూలు గేటు దగ్గర పరీక్ష లేదు. వచ్చిన ప్రతి పిల్లనూ, మధ్యలో వేరే బడి వదిలేసి వచ్చిన పిల్లనూ చేర్చుకోవాలి. పట్టికలోని తేడాలో బడి వాటా ఎంత, పిల్లల ఎంపిక వాటా ఎంత అన్నది పట్టిక చెప్పదు.

ప్రైవేటు బళ్లతో పోలికలోనూ ఇదే చిక్కు. దీన్ని విప్పిన గట్టి ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో సర్కారు బడి పిల్లలకు లాటరీ వేసి, కొందరికి ప్రైవేటు బడి వోచర్లు ఇప్పించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వోచర్ వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బళ్ల ఖర్చు విద్యార్థికి సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. అది ప్రాథమిక తరగతుల అధ్యయనం; హైస్కూలుకు యథాతథంగా అన్వయించలేం. కానీ పైకి కనిపించే మార్కుల తేడా మొత్తాన్నీ బడి ఖాతాలో వేయకూడదని అది స్పష్టంగా నేర్పుతుంది.

జిల్లాల పట్టిక కూడా తొందరపాటు వద్దంటోంది. గిరిజన జనాభా ఎక్కువగా ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025లో వరుసగా మొదటి స్థానంలో నిలిచింది; 2025లో అక్కడ 93.90 శాతం. అదే ఏడాది అడుగున ఉన్నది మరో ఏజెన్సీ జిల్లా అల్లూరి సీతారామరాజు, 47.64 శాతంతో. పేదరికమో, కొండప్రాంతమో ఫలితాన్ని ముందే రాసిపెడుతుందన్న మాట ఈ రెండు జిల్లాల ముందు నిలవదు. ఒక చోట ఏం పని చేసింది, ఇంకో చోట ఏం చేయలేదు అన్నది బడి బడికీ వెళ్లి చూడాల్సిన పని.

35 దగ్గరి గీత

ఉత్తీర్ణత శాతం 34ను, 5ను ఒకే గాటన కడుతుంది. 35ను, 95ను ఇంకో గాటన. గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లల మధ్య జ్ఞానంలో తేడా దాదాపు శూన్యం. పైగా గీత దగ్గర మనుషులు మనుషుల్లాగే ప్రవర్తిస్తారు. న్యూయార్క్ నగర హైస్కూళ్లలో రాష్ట్రం పెట్టే రీజెంట్స్ పరీక్షల మీద జరిగిన అధ్యయనం, పాస్ గీతకు దగ్గర్లో ఉన్న మార్కుల్లో సుమారు 40 శాతం పెంచినవేనని తేల్చింది. సొంత బడి టీచర్లే దిద్దే పద్ధతిని మార్చాక ఆ పెంపు మాయమైంది.

మన పదో తరగతిలో పేపర్లు సొంత టీచరు దిద్దడు, స్పాట్ వాల్యుయేషన్‌లో కోడింగ్‌తో వెళ్తాయి. అది పెద్ద రక్షణ. కానీ బడిలో పెట్టే పరీక్షల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ బళ్లలో అభిజీత్ సింగ్ చేసిన ప్రయోగంలో టీచర్ల పర్యవేక్షణలో జరిగిన కాగితం పరీక్షల మార్కులు పిల్లల అసలు స్థాయికి మించి కనిపించాయి. ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల మార్కులు స్వతంత్రంగా పరీక్షించినప్పుడు వచ్చిన వాటికి దగ్గరగా ఉన్నాయి. దిద్దడంలోనూ పొరపాట్లు ఉంటాయి. 2025లో రీవెరిఫికేషన్‌కు వచ్చిన సుమారు 66 వేల జవాబు పత్రాల్లో 11 వేలకు పైగా వాటిలో తేడాలు దొరికాయి. అవి అనుమానం ఉండి డబ్బు కట్టి అడిగినవాళ్ల పత్రాలు. ఆ నిష్పత్తిని మొత్తం పత్రాలకు వర్తింపజేయకూడదు. కానీ డబ్బు కట్టలేని, అడగడం తెలియని పిల్లలు ఎక్కువగా సర్కారు బళ్లలోనే ఉంటారన్నది మరచిపోకూడదు.

చేయగలిగినవి

ఒకటి, బడి ఫలితాన్ని మూడేళ్ల సగటుగా, పరీక్ష రాసినవాళ్ల సంఖ్యతో కలిపి ప్రకటించాలి. రెండు, శాతంతో పాటు సబ్జెక్టు వారీ మార్కుల విస్తృతి ఇవ్వాలి. లెక్కల్లో 20 లోపు ఎందరున్నారో తెలిస్తేనే ఆ బడికి ఏ టీచరు కావాలో తెలుస్తుంది. మూడు, పిల్లలు ఆరో తరగతిలో చేరిన రోజున వాళ్ల చదవడం, లెక్కలు ఎక్కడున్నాయో స్వతంత్రంగా కొలిచి దాచాలి. ఐదేళ్లలో బడి ఎంత ముందుకు తీసుకెళ్లిందో చెప్పగలిగే కొలత అదొక్కటే. నాలుగు, పరీక్ష తీరు మార్చిన ఏడాది ఫలితాన్ని పాత ఏడాదితో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పోల్చాలంటే కొన్ని ప్రశ్నలు ఏళ్ల తరబడి ఒకే కఠినతలో ఉంచాలి.

వీటిలో మొదటి రెండింటికి కొత్త పరీక్ష అక్కర్లేదు. మార్కులు ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి. 2022లో తప్పిన రెండు లక్షల మంది పిల్లల చదువు గురించి మనకు నిజంగా తెలిసింది చాలా తక్కువ. ఏ సబ్జెక్టులో, ఏ తరగతి నుంచి, ఎంత వెనకబడ్డారో తెలుసుకుని ఉంటే వాళ్లకు అందాల్సిన సాయం వేరుగా ఉండేది. వచ్చే బ్యాచ్‌కైనా ఆ వివరం దక్కాలి. జిల్లా పరిషత్ హైస్కూలు మీద ఆధారపడిన కుటుంబాలకు వేరే దారి లేదు. వాళ్ల బడి గురించి సరైన లెక్క అడిగే హక్కు వాళ్లకుంది, ఇవ్వాల్సిన బాధ్యత విద్యాశాఖది.