అమెరికన్ ఫుట్‌బాల్ రక్షణ సామగ్రి

అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారులు దెబ్బలనుండి కాపాడుకోవడానికి ధరించే హెల్మెట్, ముఖకవచం, భుజకవచాలు, దంతకవచం, తొడ మరియు మోకాలి మెత్తలు మొదలైనవాటిని కలిపి అమెరికన్ ఫుట్‌బాల్ రక్షణ సామగ్రి అంటారు. మన పత్రికలు ఫుట్‌బాల్ అని వ్రాసేది కాలితో ఆడే సాకర్ గురించి. ఇది వేరొక ఆట. ఇందులో రెండు కొసలు మొనదేలిన బంతిని చేతబట్టుకొని పరుగెత్తుతారు; ప్రత్యర్థులు వానిని పట్టి నేలమీద పడగొడతారు. పడగొట్టడం ఆటలో భాగమే కనుక సామగ్రి లేకుండా ఆడటం ప్రమాదకరం.

చరిత్ర

19వ శతాబ్దపు చివరి రోజుల్లో తలకు రక్షణగా జుట్టు దట్టంగా పెంచుకోవడం తప్ప క్రీడాకారులకు వేరే ఉపాయం ఉండేది కాదు. 1893లో సైనిక, నౌకాదళ విద్యాలయాల మధ్య జరిగిన పోటీలో జోసెఫ్ రీవ్స్ అనే నౌకాదళ విద్యార్థి ప్రత్యేకంగా చేయించుకొన్న టోపీతో ఆడాడని చెబుతారు. తలకు మరొక దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని వైద్యుడు హెచ్చరించడమే దీనికి కారణమట. ఈయన తరువాత అమెరికా నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు.

1905లో ఆటలో గాయపడి సుమారు 18 మంది మరణించారని నాటి పత్రికలు లెక్కగట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. మరుసటి యేడు నియమాలను సవరించి, బంతిని ముందుకు విసరడానికి అనుమతించారు. తోలు టోపీలు క్రమంగా వ్యాపించాయి. 1939లో రిడ్డెల్ సంస్థ ప్లాస్టిక్ హెల్మెట్‌ను తయారుచేసింది. కళాశాలల్లో 1939 నుండి, వృత్తి క్రీడాకారుల ఎన్.ఎఫ్.ఎల్.లో 1943 నుండి హెల్మెట్ తప్పనిసరి అయింది.

హెల్మెట్

పైన గట్టి పాలీకార్బొనేట్ చిప్ప, లోపల నురుగు లేక గాలి నింపిన మెత్తలు, ముందు లోహపు కడ్డీల ముఖకవచం, గడ్డం క్రింద బిగించే పట్టీ ఇందులోని భాగాలు. చిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది. మెత్తలు నలిగి దాని వేగాన్ని తగ్గిస్తాయి.

అయితే హెల్మెట్ గట్టిపడిన కొద్దీ ఒక విపరీతం జరిగింది. ముఖానికీ తలకూ భయం లేదన్న ధీమాతో క్రీడాకారులు తలనే ఆయుధంగా చేసుకొని ప్రత్యర్థిని పొడవసాగారు. 1968లో పాఠశాల స్థాయి మొదలుకొని అన్ని స్థాయిలలో కలిపి ఆట దెబ్బలవల్ల 36 మంది మరణించారు. 1969లో క్రీడా సామగ్రి ప్రమాణాలను నిర్ణయించే నాక్‌సీ అనే సంస్థ ఏర్పడి, 1973లో హెల్మెట్ ప్రమాణాన్ని ప్రకటించింది. దీనికంటె ముఖ్యమైనది 1976 నాటి నియమం. తలతో ముందుగా తాకడాన్ని ఆ సంవత్సరం పాఠశాలల్లోను, కళాశాలల్లోను నిషేధించారు. మెడ ఎముకలు విరిగి కాళ్ళుచేతులు పడిపోయే ప్రమాదాలు ఆ తరువాత బాగా తగ్గాయి. 1990లో ఆట దెబ్బవల్ల నేరుగా ఒక్క మరణమూ సంభవించలేదు. దీనికి కారణం వస్తువు ఒక్కటే కాదు, నియమం కూడా.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని మెదడు అదురును పూర్తిగా ఆపలేదు. బస్సు హఠాత్తుగా ఆగితే లోపల కూర్చున్నవారు ముందుకు తూలినట్లు, తల ఆగినా మెదడు కదులుతుంది. 2002లో మరణించిన మైక్ వెబ్‌స్టర్ అనే మాజీ క్రీడాకారుని మెదడును వైద్యుడు బెన్నెట్ ఒమాలు పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బలవల్ల ఏర్పడిన క్షీణతను గుర్తించాడు. ఆ వ్యాసం 2005లో వెలువడింది. ఎన్.ఎఫ్.ఎల్. 2022లో కొన్ని స్థానాల ఆటగాళ్ళకు సాధన శిబిరాలలో హెల్మెట్‌పై మెత్తని గార్డియన్ తొడుగును తప్పనిసరి చేసి, 2024లో పోటీలలో కూడా అనుమతించింది.

ఇతర సామగ్రి

భుజకవచాలు దెబ్బను భుజపు కొసమీద పడనీయక ఛాతీకి, వీపుకు పంచుతాయి. దంతకవచం పాఠశాల క్రీడాకారులకు 1962 నుండి తప్పనిసరి. తొడ, మోకాలి మెత్తలను ఎన్.ఎఫ్.ఎల్. 2013లో తప్పనిసరి చేసింది. పిల్లలు పెద్దల్ని చూసే నేర్చుకుంటారు కనుక ఇది ఆలస్యమే. ఇవిగాక ప్రక్కటెముకల కవచం, మర్మాంగ కవచం, మేకుల బూట్లు ఉన్నాయి.

ఇన్ని తొడిగితే చెమట ఆరదు. సాధన మొదలయ్యేది ఆగస్టు ఎండల్లో. 2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ సాధనలో వడదెబ్బ తగిలి మరణించాడు. 2003 నుండి కళాశాలల్లో తొలి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తరువాత భుజకవచాలు, అటుపిమ్మట పూర్తి సామగ్రి ధరింపజేస్తున్నారు.

అమరిక

హెల్మెట్ ముందు అంచు కనుబొమలకు సుమారు అంగుళం పైన ఉండాలి. చేతులతో పట్టి తిప్పితే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి; హెల్మెట్ జారితే అది వదులైనదని అర్థం. జుట్టు కత్తిరించుకొన్న తరువాత మరల సరిచూడాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు పాఠశాల జట్లలో చేరినపుడు తరచు పాఠశాల ఇచ్చే పాత హెల్మెట్‌నే ధరిస్తారు. తల్లిదండ్రులు దానిపై నాక్‌సీ ముద్రను, తయారైన సంవత్సరాన్ని చూసుకోవాలి. పదేళ్ళు దాటిన హెల్మెట్లను మరమ్మతు సంస్థలు తిరిగి వాడకానికి స్వీకరించవు.