ఇంటి రౌటరులో లినక్సు

పాత వాల్వు రేడియోల వెనుక అట్టను విప్పిన, లోపల అంటించిన సర్క్యూటు పటము కానవచ్చుట కద్దు. దానిని చూచి వీధి చివరి మరమ్మతు కుర్రవాడు సైతము సెట్టును బాగుచేయగలిగెడివాడు. నేడు మన యిండ్లలో వై-ఫై నందించు రౌటరు కూడ ఒక విధమైన రేడియోయే. పలుకుట, వినుట రెండును చేయును. దానిని నడపు ఆజ్ఞలు మాత్రము ఫర్మ్‌వేర్ అను పేర ఒక చిన్న చిప్పులో దాగియుండును. ఆ ఆజ్ఞలు యజమాని చేతికి వచ్చిన వైనమును ముచ్చటింతము.

2002 డిసెంబరులో అమెరికాలోని లింక్‌సిస్ సంస్థ డబ్ల్యుఆర్‌టి54జి అను రౌటరును విడుదల చేసినది. నీలము, నలుపు కలిసిన పెట్టె, వెనుక రెండు ఏంటెనాలు. మరుసటి యేడు సిస్కో సంస్థ లింక్‌సిస్‌ను కొన్నది. ఆ 2003లోనే కొందరు ప్రోగ్రామర్లు పరిశీలించి, లోపల నడచుచున్నది లినక్సు అని కనిపెట్టిరి. లినక్సును ఎవరైనను వాడుకొనవచ్చును. కాని దాని జి.పి.ఎల్. లైసెన్సులో ఒక షరతు కలదు: దానిని తమ సరకులో చేర్చి అమ్మువారు, మూలమైన సోర్సు కోడును గూడ కొన్నవారికి అందుబాటులో నుంచవలెను. ఒత్తిడి పెరిగినది, సంస్థ ఆ యేడే కోడును బయటపెట్టినది. ఇది దయతో చేసిన దానము గాదు, షరతు వలన తీర్చిన బాకీ.

ఆ కోడు ఆధారముగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఆరంభమైనది. డిడి-డబ్ల్యుఆర్‌టి, టొమాటో వెంట వచ్చినవి. ఆ రౌటరులో శాశ్వత నిలువకున్న చోటు 4 మెగాబైట్లే, అనగా ఒక్క సినిమా పాట పట్టునంత! అందులోనే ఒక సంపూర్ణమైన కంప్యూటరు వ్యవస్థను ఇమిడ్చిరి. ఇది కేవలము వేడుక కాదు. తయారీదారు పాత మోడలును విడిచిపెట్టినచో, భద్రతాలోపములను సరిదిద్దువా రుండరు. పెట్టె చెడకున్నను ఇంటి వాకిలి తెరచియున్నట్లే. బయటి ఫర్మ్‌వేర్ అట్టి పెట్టెల ఆయువును పెంచినది.

2005 చివర వచ్చిన అయిదవ రూపములో సంస్థ లినక్సును తొలగించి, జ్ఞాపకశక్తిని సగమునకు తగ్గించినది. అభిమానులకై లినక్సుతో కూడిన డబ్ల్యుఆర్‌టి54జిఎల్‌ను వేరుగా విడుదల చేసినది. సోర్సు కోడు విషయమై ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో సిస్కోపై దావా వేయగా, 2009లో రాజీ కుదిరినది.

ఫర్మ్‌వేర్ మార్చుట చూచుటకు సులభమే. పెట్టె అడుగున నున్న మోడలుతోపాటు రూపసంఖ్యను గూడ సరిచూచి, తగిన ఫైలును దింపుకొని, వై-ఫైతో గాక తీగతో కలిపి, రౌటరు యొక్క అప్‌గ్రేడ్ పుట ద్వారా ఎక్కింపవలెను. ఎక్కుచున్న నడుమ కరెంటు పోయినచో రౌటరు పలుకదు. దానినే 'ఇటుక' యందురు. మేము ఒకమారు ఇన్వర్టరును నమ్ముకొనక ఆ ఇటుకను చూచితిమి. నాటి రౌటరు పలువిధముల తిరిగి లేచెడిది. శక్తి నిచ్చినపుడు కొద్ది సెకండ్లు మాత్రము కొత్త ఫైలుకై కాచుకొనునట్లు దానిని ముందుగా అమర్చుకొనవచ్చును. ఆ క్షణమున అందింపవలెను.

2024లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారు తమ పేరనే 'వన్' అను రౌటరును వెలువరించిరి. ప్రధానమైన చిప్పులోని ఫర్మ్‌వేర్ చెడినను తిరిగి లేపుటకు అందు రెండవ చిప్పు కలదు. ఒక చిన్న స్విచ్చిని త్రిప్పిన చాలును.