మూడు తాళాల ఇనప్పెట్టె

పొదుపు డబ్బంతా ఒకేచోట దాచకూడదని మన ఆడవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కొంత పోపులడబ్బాలో, కొంత బీరువాలో పట్టుచీర మడతలో, కొంత చిట్టీలో, కలిసొచ్చిన ఏడు కాసంత బంగారం. మా అమ్మమ్మ కందిపప్పు డబ్బాలో దాచేది. ఆ సంగతి మా తాతగారికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు! ఈ ఉపాయాన్నే కాగితంమీద పెట్టి, పదిమంది సొమ్ము పోగుచేసి, షరతులు అచ్చువేయించి నడిపిన తొలిమనుషులెవరా అని పుస్తకాలు తిరగేస్తూ వెనక్కి వెళితే, 1774లో హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డాం నగరంలో తేలాను. అక్కడ అబ్రహాం వాన్ కెట్విచ్ అని ఒక దళారీ వుండేవాడు.

ఆయనకా ఆలోచన ఊరికే పుట్టలేదు. 1772 చివర్లో ఆ వూళ్ళో క్లిఫర్డ్ వారి పెద్ద బ్యాంకు దివాలా తీసింది. కారణం వింటే మన మనసు చివుక్కుమంటుంది. మన బెంగాలును పిండుకు తింటున్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ షేర్లు ఇంకా ఇంకా పెరుగుతాయని వాళ్ళు పందెం కాశారు. 1770లో బెంగాల్లో మహాక్షామం వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి కంపెనీయే అప్పుకోసం చెయ్యి చాచింది. షేర్లు పడ్డాయి, బ్యాంకు మునిగింది. అక్కడ అన్నంలేక పోయిన ప్రాణాల ముందు ఇక్కడ డబ్బు పోగొట్టుకున్నవారి ఏడుపు ఏపాటిది లెండి. అయినా చిన్నవాళ్ళు భయపడిపోయారు.

అప్పుడు వాన్ కెట్విచ్ రెండువేల షేర్లు పెట్టాడు, ఒక్కొక్కటి 500 గిల్డర్లు. ఆ నిధికి పెట్టిన డచ్చి పేరుకి అర్థం ఏమిటో తెలుసా? అచ్చంగా మన “ఐకమత్యమే బలం”! వచ్చిన డబ్బుని ఆస్ట్రియా, డెన్మార్కు, స్పెయిను, స్వీడను, రష్యా ఇలా అనేక దేశాల అప్పుపత్రాల్లో పంచిపెట్టారు. ఒక రాజు ఎగ్గొట్టినా ఇంకో రాజు ఇస్తాడు కదా అని. ఆ పత్రాలన్నీ ఒక ఇనప్పెట్టెలో. దానికి మూడు రకాల తాళాలు, తాళంచెవులు వేరువేరు మనుషుల దగ్గర. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. ఏడాదికోసారి లెక్కలు చూపాలి, అడిగిన మదుపరులకు కూడా. నాకు ఈ తాళాలే ముచ్చటేసింది. ఉమ్మడికాపురంలో కొట్టుగది తాళంచెవి ఎవరి బొడ్డున వుండాలనే తగాదా ఎరిగినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

అయితే ఆ పెట్టెలో అమెరికావైపు వలసల్లోని తోటలకిచ్చిన అప్పులు కూడా వున్నాయి. ఆ తోటల్లో పనిచేసినవాళ్ళు బానిసలు. నాలుగు శాతం వడ్డీ నెమ్మదిగా ఇంటికొస్తుంటే, అది ఎవరి వీపుమీదనుంచి వస్తోందో ఆమ్‌స్టర్‌డాం ఇల్లాలు అడిగిందో లేదో!

1780లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. తోటల అప్పులు పాడయ్యాయి. షేర్ల ధర పడిపోయింది. అయినా పెట్టె ఖాళీ కాలేదు. ఎన్ని యుద్ధాలొచ్చినా ఈడ్చుకొచ్చి, చివరకు 1824లో ఆ నిధి లెక్క తేల్చి మూసేశారు. ఏభై ఏళ్ళు! ఓపికపట్టినవాళ్ళ సంగతి సరే. మధ్యలో పిల్ల పెళ్ళి కుదిరినవాళ్ళ మాటేమిటి? పంచిపెట్టడం నష్టాన్ని తగ్గిస్తుంది గాని, అవసరాన్ని వాయిదా వెయ్యలేదు కదా.

ఈ పద్ధతే 1868లో లండను చేరింది. అక్కడ ఒక ట్రస్టువాళ్ళు పద్దెనిమిది రకాల అప్పుపత్రాలు కలిపి, సామాన్యుడికీ ధనవంతుడి సౌకర్యం కల్పిస్తామన్నారు. సర్టిఫికెట్టు 85 పౌన్లు మరి! ఆ సామాన్యుడు ఏ ప్లీడరో అయివుంటాడు.

అసలు సామాన్యుడి ధర మన దేశంలోనే పెట్టారు. 1964 జులైలో యూనిట్ ట్రస్టు మొదటి పథకం తెచ్చింది, యూనిట్టు పది రూపాయలు. ఏడాదికోసారి డివిడెండు వారంటు టపాలో వచ్చేది. బ్యాంకు వడ్డీకంటే నాలుగు రాళ్ళు ఎక్కువని రిటైరైనవాళ్ళూ, విధవరాళ్ళూ అందులో పెట్టుకున్నారు. మదుపరులు కోట్లలోకి చేరారు.

వైవిధ్యానికి లోటులేదు, ఎన్నో కంపెనీల కాగితాలున్నాయి. లోటల్లా పెట్టె మూతకే. యూనిట్ల ధర ట్రస్టు తానే నిర్ణయించి ప్రకటించేది. లోపలి సరుకు అసలు విలువెంతో బయటికి చెప్పేది కాదు. తొంభైలనాటికి అందులో షేర్ల పాలు సగం దాటింది. అవి పడిపోతున్నా యూనిట్టు ధర మాత్రం నిబ్బరంగా నిలబడింది. 2001 జులైలో అమ్మకాలూ కొనుగోళ్ళూ ఆరునెలలపాటు ఆపేస్తున్నామన్నారు. ఎంత కలవరమో! ఆ ఆగస్టునుంచి చిన్న మదుపరులకు మనిషికి 3000 యూనిట్లదాకా పది రూపాయలకు తిరిగి కొంటామని, నెలకు పది పైసలు పెంచుతామని ఊరట ఇచ్చారు. ఆ ఏడాది ఆఖరుకి అసలు విలువ బయటపెడితే ఆరు రూపాయలకు లోపే తేలింది. తేడా భరించింది ప్రభుత్వం, అంటే యూనిట్లు కొననివాళ్ళు కూడానన్నమాట.

2003లో ట్రస్టు రెండు ముక్కలైంది. ఈ యూనిట్లను పన్నులేని 6.75 శాతం బాండ్లకిందికి మార్చారు. ఆ బాండ్లమీద అసలు 2008లో చేతికొచ్చింది.