చావడిలో రాజుల ప్రతిమలు

మధుర మీనాక్షి ఆలయ తూర్పు గోపురానికి ఎదురుగా, వీధికి అవతల పుదు మండపం ఉంది. తమిళంలో పుదు అంటే కొత్త. 1623 నుండి 1659 వరకు పాలించిన తిరుమల నాయకుడు వసంతోత్సవం కోసం దీనిని కట్టించాడు. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో దీనిని చూచి బొమ్మలు గీసిన ఇంగ్లీషువారు మాత్రం 'తిరుమల నాయకుని చౌల్ట్రీ' అని రాసుకున్నారు. చౌల్ట్రీ అనే మాట మన చావడికి సంబంధించినదే. బాటసారులు దిగే సత్రానికీ, స్తంభాల మండపానికీ వారు ఆ ఒక్క పేరే వాడారు.

ఈ పేరు వల్ల అసలు విషయం కొంత మరుగున పడింది. సత్రంలో రాజుల ప్రతిమలు కనబడితే కట్టించిన దాత తన పేరు చాటుకున్నాడనుకుంటాం. ఇది ఉత్సవమూర్తులు వచ్చి కొలువుండే మండపం అని గుర్తిస్తే వాటి అర్థం మారుతుంది.

నడిమి దారి స్తంభాలకు పదిమంది నాయక రాజుల నిలువెత్తు ప్రతిమలున్నాయి. వంశకర్త విశ్వనాథ నాయకునితో మొదలైన వరుస తిరుమల నాయకుని వరకు వస్తుంది. ఆయన పక్కన రాణులు కూడా ఉన్నారు. రాజులు చేతులు జోడించి నిలిచారు. దేవుడు వచ్చే దారిలో వారు సేవకులు. చూడవచ్చిన ప్రజలకు మాత్రం పాలకులు.

ఇందులో రాజకీయం కూడా ఉంది. విశ్వనాథుడు పదహారవ శతాబ్దంలో విజయనగర ప్రతినిధిగా మధురకు వచ్చినవాడు. 1565 యుద్ధం తరువాత ఆ సామ్రాజ్యం క్రమంగా క్షీణించింది. తిరుమల నాయకుని నాటికి మధుర రాజులు తమ అధికారానికి తమ వంశాన్నే ఆధారంగా చూపవలసి వచ్చింది. శాసనం చదవలేనివారికి కూడా ఈ రాతి వంశవృక్షం అర్థమవుతుంది.

నిజమైన సత్రం చూడాలంటే మధుర రైల్వే స్టేషను ఎదుట ఉన్న మంగమ్మాళ్ సత్రానికి వెళ్ళాలి. 1689లో మనుమని తరఫున పాలన చేపట్టిన రాణీ మంగమ్మ పేరు ఆ సత్రం వల్ల ప్రయాణికుల నోట నిలిచింది. ఆ మనుమడే విజయరంగ చొక్కనాథుడు. తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రచించినవాడు. తాతల రూపాలు రాతిలో, అవ్వ పేరు సత్రంలో, మనుమని మాట గ్రంథాలలో నిలిచాయి.

చాలా కాలం పుదు మండపంలో దర్జీలు, పుస్తకాల వారు, పాత్రల వారు దుకాణాలు నడిపారు. వేలాడే బట్టల వెనుక రాజుల ముఖాలు సరిగా కనబడేవి కావు. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళిన తెలుగు ఇళ్ళవారిలో ఆ స్తంభాలను ఆనుకొని నిలబడిన వారెందరో! ఆ రాజుల ఇంటిభాష తమ ఇంటిభాషే అని వారికి చెప్పినవారు తక్కువ. ఈ చరిత్ర తమిళానికి పరాయిది కాదు, తెలుగుకూ పరాయిది కాదు. మధురకు వెళ్ళే విద్యార్థులు ఈసారి గోపురం చూచి వెనుదిరగక, వీధి దాటి ఆ పది ముఖాలనూ వరుసగా చూడాలి.