బయటికి కనబడని బాలింత రక్తస్రావం

బాలింతకు రక్తస్రావం అనగానే మనకు తడిసిన గుడ్డలే తలపుకు వస్తాయి. కానీ బయటికి ఒక్క చుక్కయినా రాకుండా, పొట్ట గోడలోనే రక్తం చేరే ప్రమాదం కూడా ఉన్నది. దానిని పోల్చుకోవడానికి వైద్యులకు సైతం చాలాకాలం పట్టింది.

బొడ్డుకు ఇరువైపులా నిలువుగా రెండు కండరాలుంటాయి. వాటి వెనుక ఎపిగాస్ట్రిక్ రక్తనాళాలు నడుస్తాయి. గర్భం పెరిగేకొద్దీ ఇవి సాగుతాయి. అటువంటప్పుడు తీవ్రమైన దగ్గు వలన గాని, సిజేరియన్‌లో దెబ్బతిని గాని నాళం తెగితే, రక్తం అక్కడే గడ్డగా నిలుస్తుంది.

1900లో జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ పొత్తికడుపు దిగువన అడ్డంగా కోసే పద్ధతిని ప్రకటించాడు. నిలువు కోత కంటే హెర్నియా భయం తక్కువ కనుక అది లోకమంతటా వ్యాపించింది. అయితే కండరంపై పొరను విడదీసేటప్పుడు చిన్న నాళాలు తెగుతాయి. వాటిలో ఒకటి మూసుకోకపోయినా, కుట్లు వేసిన తరువాత లోలోపల రక్తం ఊరుతుంది.

ఈ గడ్డను కటిభాగపు కణితిగా పొరబడే అవకాశమున్నదని 1926లో మాంచెస్టర్ స్త్రీవ్యాధి నిపుణుడు ఫోదర్‌గిల్ హెచ్చరించాడు. ఆయన చెప్పిన గుర్తు సులభమైనది. రోగి తల పైకెత్తి పొట్ట బిగించినప్పుడు లోపలి కణితి చేతికి సరిగా అందదు. గోడలోని గడ్డ అందుతూనే ఉంటుంది, నడిమి గీతను దాటదు. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం పొట్టలోని గడ్డలను అల్ట్రాసౌండ్‌తో పరిశీలించి ప్రకటించిన తరువాత, కోయకుండానే చూడగలిగే దారి తెరచుకున్నది.

యాడికి వంటి కరువు సీమ ఊళ్ళకు ఈ చరిత్రతో పనేమిటని మీరు అడగవచ్చు. రక్తహీనత ఉన్న తల్లికి స్వల్ప నష్టమే పెద్దదవుతుంది. కాన్పు తాడిపత్రిలోనో అనంతపురంలోనో జరిగి, బాలింత ఇల్లు చేరిన తరువాత నొప్పి పెరిగితే, "కోత నొప్పేలే" అని కాపడం పెట్టి నడికట్టు బిగిస్తే విలువైన గంటలు గడిచిపోతాయి.

పొట్టకు ఒక పక్క నొప్పితో గడ్డ తేలినా, కోత చుట్టూ చర్మం నీలంగా కమిలినా, ముఖం పాలిపోయి గుండెదడ, కళ్ళు తిరగడం కలిగినా ఆలస్యం చేయవద్దు. రక్తపోటు బాగున్నదని ధీమా పడవద్దు. వయసులో ఉన్న తల్లులకు అది చివరి వరకూ నిలబడి, ఆపై ఒక్కసారిగా పడిపోవచ్చు. చిన్న గడ్డలు విశ్రాంతితో కరుగుతాయి. పెద్దవాటికి రక్తం ఎక్కించాలి, ఒక్కొక్కప్పుడు నాళాన్ని కట్టివేయాలి. ఏది చిన్నదో ఏది పెద్దదో ఆసుపత్రిలోనే తేలాలి. 2005 నుండి మన రాష్ట్రంలో 108 వాహనం ఉన్నది. పిలవండి.