గ్రీన్‌హౌస్ టమాటాలో పురుగుల నివారణ: చరిత్ర

గ్రీన్‌హౌస్ టమాటా సాగులో పురుగుల నివారణ చరిత్ర చాలావరకు తెల్లదోమతో పోరాటమే. చలిదేశాల్లో గాజు కప్పు కింద పెరిగే టమాటాకు వాన దెబ్బ ఉండదు, చలి సోకదు. ఆ వెచ్చదనమే తెల్లదోమకూ కలిసొస్తుంది. బయట దాన్ని తినే పురుగులు లోపలికి రావు కాబట్టి కొద్ది వారాల్లోనే ఆకుల అడుగుభాగమంతా పరుచుకుంటుంది. రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు మీద మసి తెగులు పెరిగి కాయలు నల్లబడతాయి. ఇంగ్లండు గాజు గదుల్లో దొరికిన ఈ దోమను 1856లో కీటక శాస్త్రవేత్త వెస్ట్‌వుడ్ వర్ణించాడు.

తొలిరోజుల్లో సాగుదారులు పొగనే నమ్ముకున్నారు. పొగాకు నుంచి తీసిన నికోటిన్‌తోనో, మనుషులకూ ప్రాణాంతకమైన సయనైడ్ వాయువుతోనో గదిని నింపి, తలుపులు బిగించేవారు.

మలుపు 1926లో వచ్చింది. ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీలో ఒక సాగుదారుడు టమాటా ఆకులకు అంటుకున్న తెల్లదోమ పిల్లపురుగుల్లో కొన్ని నల్లగా మారడం గమనించాడు. వాటిని చెషంట్ పరిశోధన కేంద్రంలోని కీటక శాస్త్రవేత్త స్పైయర్‌కు అందించారు. నల్లబడిన పొలుసుల్లోంచి మిల్లీమీటరైనా లేని కందిరీగలు బయటికొచ్చాయి. ఎన్‌కార్సియా ఫార్మోసా అనే ఆ జాతికి రెండేళ్ల ముందే అమెరికాలో కీటక శాస్త్రవేత్త గాహన్ పేరు పెట్టాడు. 1930 నాటికి చెషంట్ కేంద్రం ఏటా 15 లక్షల కందిరీగలను దాదాపు 800 తోటలకు అందించే స్థాయికి చేరింది. తరవాత అవి కెనడాకు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు వెళ్లాయి.

ఈ కందిరీగ పనితీరు తెలిస్తేనే దాని పరిమితులు అర్థమవుతాయి. తల్లి కందిరీగ దోమ పిల్లపురుగు శరీరంలో గుడ్డు పెడుతుంది. లోపల పెరిగే పురుగు దాన్ని తినేస్తుంది, పది రోజుల్లో పైపొలుసు నల్లబడుతుంది. వోల్బాకియా అనే బాక్టీరియా వల్ల ఈ జాతిలో దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే సంతతి పెరుగుతుంది. అయితే 18 డిగ్రీల కంటే చల్లబడితే అది సరిగా ఎగరలేదు. జిగురు ఎక్కువైతే దానికి నడకే కష్టం. అందుకే దోమ ముదరకముందే, తొలి జాడ కనిపించగానే వదలాలి. ఆలస్యమైతే ఎన్ని వదిలినా ఫలితం తక్కువే.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత డీడీటీ, దాని వెంట ఆర్గానోఫాస్ఫేట్ మందులు రాగానే కందిరీగలు మూలన పడ్డాయి. చవగ్గా, వెంటనే చంపే మందు చేతికొచ్చాక పురుగును పెంచి వదిలే ఓపిక ఎవరికి ఉంటుంది? కానీ మందులను తట్టుకునే పురుగుల రకాలు త్వరలోనే పుట్టుకొచ్చాయి. ముందుగా లొంగకుండా పోయింది ఆకు రసం పీల్చే ఎర్రనల్లి. దాన్ని వేటాడే ఫైటోసీయులస్ అనే నల్లి చిలీ నుంచి ఆర్కిడ్ మొక్కలతోపాటు జర్మనీకి చేరింది. అక్కడి శాస్త్రవేత్త దోస్సే దాన్ని గుర్తించాక నెదర్లాండ్స్‌లో పరీక్షలు జరిగాయి. అక్కడే 1967లో దోసకాయ సాగుదారుడు యాన్ కాపర్ట్ దాన్ని పెంచి అమ్మే సంస్థ పెట్టాడు. దోసలో బాగా పనిచేసే ఈ నల్లి టమాటాలో కాస్త వెనకబడుతుంది, కాండం మీది జిగురు నూగులో చిక్కుకుంటుంది. 1970ల్లో తెల్లదోమ కూడా మందులకు మొండికేయడంతో ఎన్‌కార్సియా మళ్లీ తోటల్లోకి వచ్చింది.

అయినా మందుల వాడకాన్ని గట్టిగా తగ్గించినది పరాగసంపర్కం. టమాటా పువ్వు కదిలితేనే పుప్పొడి రాలుతుంది. అంతకుముందు కూలీలు కంపించే కర్రలతో పూలగుత్తులను కదిలించేవారు. 1980ల రెండో సగంలో బెల్జియం పశువైద్యుడు రోలాండ్ డి యాంగ్ బంబుల్‌బీలను ఆ పనిలో పెట్టాడు. కూలి ఖర్చు తగ్గింది, కాయ నాణ్యత పెరిగింది. బంబుల్‌బీ గూడు పెట్టిన గదిలో విషపు మందు చల్లితే ఆ లాభం పోతుంది కాబట్టి సాగుదారులు పరభక్షక కీటకాల వైపు మొగ్గారు. దోమ గుడ్లనూ పిల్లలనూ తినే మాక్రోలోఫస్ కీటకం వాడుకలోకి వచ్చింది.

వేడి ప్రాంతాల్లో సమస్య వేరు. అక్కడ బెమీసియా అనే మరో తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోస్తుంది, కొద్ది దోమలు చేరినా పంట దెబ్బతింటుంది. ఇజ్రాయెల్‌లో సన్నని వలలతో గదిని మూసే పద్ధతి స్థిరపడింది. వల కన్ను సన్నబడేకొద్దీ గాలి తగ్గి లోపల వేడి పెరుగుతుంది.

తెల్లదోమ కాక, దక్షిణ అమెరికాకు చెందిన టూటా అబ్సల్యూటా ఆకు తొలిచే పురుగు 2006లో స్పెయిన్‌లో కనిపించింది. 2014లో మహారాష్ట్రకు వచ్చి, తరవాత తెలుగు రాష్ట్రాలకూ పాకింది. ఆకులోనూ కాయలోనూ దాగే దీనికి పైమందు సులభంగా తగలదు. లింగాకర్షక బుట్టలు, రెండు తలుపుల ప్రవేశద్వారం, వలలు వాడతారు. నెసిడియోకోరిస్ కీటకం దీని గుడ్లను తింటుంది, అయితే ఆహారం దొరకనప్పుడు టమాటా కాండాన్నే గుచ్చి ఉంగరాల్లాంటి మచ్చలు చేస్తుంది.